రజాకారు కథలో మనము చెప్పని సగము

మా నాయనమ్మ నల్లగొండ జిల్లాలోని యొక పల్లెలో పుట్టి పెరిగినది. చిన్నతనమున మేము అన్నము తినక మారాము చేయునపుడు ఆమె బూచివాని పేరు చెప్పెడిది కాదు. “రజాకార్లొస్తున్నరు, సప్పుడు జేయక తినుండ్రి” అనెడిది. ఆ మాటతో ఇల్లంతయు నిశ్శబ్దమయ్యెడిది. ఆమె భయము కల్పితము కాదు. 1948లో ఆమెకు పదేండ్లు. లారీ చప్పుడు వినవచ్చినంతనే తల్లి చేయి పట్టుకొని జొన్నచేలలోనికి పరుగెత్తి, తెల్లవారువరకు అచ్చటనే కూర్చుండిన రాత్రులు ఆమెకు కడవరకు జ్ఞాపకముండెను.

ఆ భయము మాకు వారసత్వముగా వచ్చినది. అయితే చేతులు మారుటలో దాని స్వరూపమును మారినది. ఆమె రజాకారునకు భయపడినది. మేము ముసల్మానును అనుమానించుట నేర్చుకొంటిమి. ఆమెయో, అదే యూరిలో ఏటేట పీర్ల పండుగకు కుడుకల పేరు కట్టి, మలీద చేసి పంపెడిది. జ్వరము వచ్చిన మనుమని మసీదు వాకిటికి కొనిపోయి ఊదించుకొని వచ్చెడిది. ఆమె మనస్సులో ఈ రెండును వేరువేరుగా నుండెను. మా మనస్సులలో అవి కలిసిపోయినవి. అనుభవించినవారికి ఉన్న వివేకము విన్నవారికి లేకపోవుట విచిత్రమే.

గతసంవత్సరము మా వీథిలో ఒక యిల్లు అద్దెకు ఖాళీ అయినది. చూడవచ్చినవారు గణితము చెప్పు ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. అద్దె కుదిరినది; బయానా మాటయు వచ్చినది. పేరు తెలిసిన పిమ్మట ఇంటి యజమాని మా గుమ్మమున నిలిచి నన్ను సలహా యడిగెను. “మనిషి మంచివాడే, కాదనను. కాని రేపు ఏమైనా జరిగితే పోలీసులు మన గడపల ముందుకొస్తారు గదండీ” అనెను. మతసామరస్యమును గూర్చి సభలలో ఉపన్యసించిన నేను ఆ క్షణమున చెప్పిన మాట, “మీ యిష్టమండీ” అని. ఆ ఉపాధ్యాయునకు ఇల్లు దొరకలేదు.

నాటినుండి రెండు ప్రశ్నలు నన్ను విడువకున్నవి. మతోన్మాదము ఎచ్చటనుండి పుట్టును? ఒకనాడు కొందరు చేసిన ఘోరము ఒక సమాజమంతటి ముఖముగా మన కన్నులకు ఎట్లు ఏర్పడును? ఈ ప్రశ్నలకు దూరదేశములకు పోనక్కరలేదు. మన యింటి కథయే చాలును. ఆ కథను మనము సగమే చెప్పుకొనుచున్నామని నా విమర్శ.

రజాకారు దళము ఆకసమునుండి ఊడిపడలేదు. 1941 నాటి హైదరాబాదు సంస్థానమున కోటి అరువది లక్షలకు పైగా ప్రజలుండగా, అందు ముసల్మానులు సుమారు ఎనిమిదవ వంతు. ప్రభువు ముసల్మాను, ఉన్నతోద్యోగములలో అధికభాగము వారిదే, పాలనభాష ఉర్దూ. కాని ఆ అధికారము అనుభవించినవారు కొలదిమంది నవాబులు, జాగీర్దారులు, ఉద్యోగులు. తక్కిన ముసల్మానులు టాంగాలు తోలువారు, నేతపనివారు, జవానులు, కూలీలు. వారి బ్రతుకునకును ప్రక్కయింటి హిందువు బ్రతుకునకును భేదము లేదు.

1927లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముసల్మీన్ స్థాపింపబడెను. 1938లో నవాబు బహాదుర్ యార్ జంగు దానికి అధ్యక్షుడై, ‘అనల్ మాలిక్’ అను సిద్ధాంతమును ప్రచారము చేసెను. సంస్థానపు సార్వభౌమత్వము ముసల్మాను సమాజమునదే, నిజాము దానికి ప్రతీక మాత్రమే, ప్రతి ముసల్మానుడును పాలకుడే యని దాని తాత్పర్యము. ఈ సిద్ధాంతము ఎవరిని ఆకర్షించునో యోచింపుడు. నవాబునకు ఇది క్రొత్త సంగతి కాదు. పగలెల్ల టాంగా తోలి, రాత్రి పస్తుండు వానికి మాత్రము ఇది అమృతమువలె తోచును. కూడు పెట్టలేని ప్రభుత్వము వానికి కిరీటమును పెట్టినది. ఉన్మాదమునకు మొదటి కారణము ఇదియే: లేమిలో నున్నవానికి గౌరవము నిచ్చుటకు బదులు, గర్వము నిచ్చుట.

రెండవ కారణము పోటీ. ఒకవంక ఇత్తెహాదువారు మతాంతరీకరణమునకు పూనుకొనగా, వేరొకవంక ఆర్యసమాజమువారు శుద్ధికి పూనుకొనిరి. 1938, 39 సంవత్సరములలో ఆర్యసమాజ సత్యాగ్రహము సంస్థానమును కదిలించెను. ఉభయపక్షములును ఎవరి ఆత్మలకొరకై పెనుగులాడెనో వారు అంటరానివారని మనము దూరముంచిన మాలమాదిగలు. ఊరి బావిలో నీరు త్రాగనీయని మనకు, వారు వేరొక గుమ్మము తట్టినప్పుడు మతాభిమానము పొంగుకొని వచ్చినది. ఈ విషయము జ్ఞాపకముంచుకొనక ఇతరుల ప్రచారమును మాత్రమే నిందించుట న్యాయము కాదు.

మూడవ కారణము భయము. 1947లో దేశము స్వతంత్రమై, రెండుగా చీలెను. పొరుగు రాష్ట్రములనుండి ఇల్లువాకిళ్లు విడిచిన ముసల్మానులు హైదరాబాదు చేరి, తాము చూచిన ఘోరములను చెప్పుకొనిరి. ఏలుబడి పోయిన రేపు మన గతి ఏమి యను దిగులు ప్రతి యింటను ప్రవేశించెను. లాతూరున వకీలుగా నుండి 1946లో ఇత్తెహాదు నాయకత్వమునకు వచ్చిన కాశిం రజ్వీ ఈ దిగులును ఆయుధముగా మార్చెను. గర్వము, పోటీ, భయము ఈ మూడును కూడినచోట కత్తి చేతికి వచ్చుటకు ఆలస్యము లేదు.

నాలుగవది మనము తరచు దాటిపోవు సంగతి. రజాకార్లకు పల్లెలలో దారి చూపినవారెవరు? భూములు పోవునని కమ్యూనిస్టు సంఘమునకు భయపడిన దేశ్‌ముఖులు, పటేళ్లు పెక్కుమంది వారికి ఆశ్రయమిచ్చి, తమ పగలు తీర్చుకొనిరి. ఈ దొరలలో అత్యధికులు హిందువులే. గడీ వాకిటను రజాకారును, దొర గుమాస్తాయు ఒకే చాపపై కూర్చుండిరి. ఇట్టిదానిని మతయుద్ధమని మాత్రమే పిలుచుట చరిత్రను సగము చెరిపివేయుటయే.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. “కారణములెన్ని చెప్పినను, వారి మతగ్రంథమే వారిని ప్రేరేపించుచున్నది” అని విద్యావంతులును అనుచుందురు. దీనికి నేను శాస్త్రచర్చతో సమాధానము చెప్పబోను. ఆ గ్రంథమును చదివిన మనుష్యులను చూపెదను. జనగామ ప్రాంతమున కామారెడ్డిగూడెములో షేక్ బందగీ అను పేదరైతు ఉండెను. దొర అండగల సొంత దాయాదితో భూమి తగవు పడి, న్యాయస్థానమున నిలిచి పోరాడెను. 1940 జూలై 27న ఆతనిని నరికి చంపిరి. ఆ దొర హిందువు, ఆ దాయాది ముసల్మాను, చచ్చినవాడును ముసల్మానే. ‘మా భూమి’ నాటకమునకు ఆతని కథయే ప్రేరణయని చెప్పుదురు. నిజామునకెదురుగా సాయుధపోరాటమున నిలిచిన నాయకులలో ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ ఒకడు. ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడైన షోయబుల్లా ఖాన్ ముప్పదేండ్లు నిండని యువకుడు. సంస్థానము భారతదేశమున చేరవలెననియు, రజాకార్ల దౌర్జన్యము అంతరింపవలెననియు నిర్భయముగా వ్రాసెను. 1948 ఆగస్టు 21 రాత్రి ఇంటికి పోవుచుండగా దుండగులు ఆతనిని కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. అదే నెలలో ఏడుగురు ముసల్మాను ప్రముఖులు భారతదేశమున చేరుటయే మేలని బహిరంగముగా ప్రకటించిరి. వీరందరు చదివినదియు ఆ గ్రంథమే.

ఇంతమాత్రమున మతనాయకులు నిర్దోషులని నేను చెప్పుట లేదు. రజాకార్లు మతమును పేర్కొనియే చంపిరి. భైరాన్‌పల్లెలో 1948 ఆగస్టు 27న జరిగిన సంహారమును ఏ కారణముల జాబితాయు తుడువజాలదు. తమ మతము పేర ఇట్టి పనులు జరుగునపుడు నోరు మెదపని మౌల్వీలది నేరమే. కారణము వెదకుట క్షమించుట కాదు. వైద్యుడు రోగమునకు మూలము వెదకినంతమాత్రమున రోగమును మెచ్చుకొనినట్లా? మూలమును మతగ్రంథమున వెదకి సంతృప్తిపడినచో, గర్వమును భయమును పెంచు చేతులు మనకు కనబడకపోవును. ఆ చేతులు ఏ మతమువానివైనను కావచ్చును.

ఇక మనము చెప్పుకొనని సగమునకు వత్తును. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. మన పిల్లలకు కథ అచ్చటితో ముగియును. ఆ తరువాతి వారములలో ఏమి జరిగెను? ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫ్ఫార్ మొదలగువారు నవంబరు, డిసెంబరు మాసములలో సంస్థానమంతట తిరిగి విచారించిరి. పోలీసు చర్య సమయమునను, ఆ తరువాతను మరణించినవారి సంఖ్య 27 వేలనుండి 40 వేలవరకు ఉండునని వారు అంచనా వేసిరి. వీరిలో మిక్కిలిమంది రజాకార్లతో ఏ సంబంధమును లేని ముసల్మానులు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అన్నిటికంటె ఎక్కువగా నష్టపడెను. తరువాతి వరుసలో నల్లగొండ, మెదకు పేర్లును ఉన్నవి.

నల్లగొండ పేరు చదివిన దినమున నేను పుస్తకమును మూసి చాలసేపు కూర్చుంటిని. మా నాయనమ్మ తన యూరిలో సెప్టెంబరు తరువాత ఏమి చూచెనో మాకు చెప్పలేదు. మేము అడుగను లేదు. జొన్నచేలలో దాగిన రాత్రులను గూర్చి అన్నిసార్లు వింటిమి. ఆ తరువాత అవే చేలలో మరియెవరు దాగిరో అడుగవలెనని ఒక్కనికిని తోచలేదు. ఇప్పుడు చెప్పుటకు ఆమె లేదు.

ఆ నివేదిక అరువది యేండ్లకు పైగా ప్రభుత్వపు దస్త్రములలో నుండి, 2013 ప్రాంతమున మాత్రమే చదువరులకు అందుబాటులోనికి వచ్చినది. దానిలో ఒక విషయము విశేషముగా గమనింపదగినది. కొన్నిచోట్ల హిందూ సాలెవారు, తమతోడి ముసల్మాను సాలెవారిని కాపాడుటకై హిందువులకే ఎదురునిలిచి, ప్రాణములను సైతము కోల్పోయిరట. ఒకే మగ్గము, ఒకే అప్పు, ఒకే ఆకలి కలవారికి పొరుగువాడు ఎవడో తెలిసియుండెను. ఉన్మాదమునకు విరుగుడు ఉపన్యాసమున లేదని, కలిసి చేయు పనిలోను, కలిసి యుండు వీథిలోను ఉన్నదని దీనివలన తెలియుచున్నది. మా వీథిలో ఆ ఉపాధ్యాయునకు ఇల్లు ఇచ్చియుండవలసినదని నేననుట ఇందులకే.

మన అభిప్రాయములను తీర్చిదిద్దుటలో సాహిత్యమునకు తక్కువ పాత్ర లేదు. గత శతాబ్దారంభమున మన చదువరులు రాజస్థాన కథలను, బంకించంద్రుని నవలల అనువాదములను మక్కువతో చదివిరి. వానిలో వీరరసము కలదు, దేశభక్తి కలదు. కాని ముసల్మాను పాత్ర ఎక్కువగా దండెత్తి వచ్చువాడో, స్త్రీలను చెరపట్టువాడో అయియుండును. ఆంగ్లప్రభుత్వమును తిట్టుటకు ధైర్యము చాలనిచోట తురకను తిట్టి దేశభక్తిని తీర్చుకొంటిమి. ఆ చదువరి పుస్తకము మూసి వీథిలోనికి వచ్చి దూదేకులవానిని చూచినప్పుడు, ఆ దూదేకులవాడు ఏ కోటను ముట్టడించెనని తలచెనో!

మన చరిత్రలో వేరు ఉదాహరణములు లేకపోలేదు. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున తెలుగు కవులకు ఆదరణ లభించెను. అచ్చతెనుగులో తొలికావ్యమైన ‘యయాతి చరిత్ర’ను పొన్నగంటి తెలగన అమీన్ ఖానునకు అంకితమిచ్చెను. పిఠాపురమున ఉమర్ ఆలీషా పద్యకావ్యములు, నాటకములు రచించెను. అయినను ఈ పేర్లను మనము పరీక్షలకొరకు కంఠస్థము చేసితిమేకాని, మనస్సునకు పట్టించుకొనలేదు.

తరువాతి కాలపు కథలలో, చలనచిత్రములలో వేరొక పాత్ర వచ్చినది: మంచి ముసల్మాను. ఇతడు కథానాయకునకు మిత్రుడు, తెలుగును విరిచి మాటలాడును, సగము కథ కాకమునుపే నాయకునికొరకు ప్రాణము నిచ్చును. రచయిత ఉద్దేశము మంచిదే. కాని ఈ పాత్రలో ఒక క్రూరత్వము దాగియున్నది. హిందూపాత్రకు మంచివాడగుటకు బ్రతికియుండుట చాలును. ముసల్మాను పాత్ర చచ్చినగాని మంచితనము ఋజువు కాదు. దుర్మార్గుడో త్యాగమూర్తియో యగుట తప్ప, అప్పు చేసి, కూతురి పెండ్లికి దిగులుపడి, భార్యతో పోట్లాడి, మరునాడు రాజీపడు సామాన్యుడగుటకు ఆ పాత్రకు హక్కు లేకపోయెను. షోయబుల్లా ఖాన్‌ను గూర్చి నేను పైన వ్రాసినపుడును ఈ దోషమునకు లోబడితినేమోయని సంశయము. ఆయన వంటి వీరుడు కాని ముసల్మానునకు మన వీథిలో ఇల్లు అక్కరలేదా?

ఈ లోపమును తీర్చినవారు మనము కాము. తెలుగు ముసల్మాను రచయితలే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ అను దీర్ఘకవితలో, చేయని నేరమునకు పుట్టుకతోనే ముద్దాయిగా నిలువవలసివచ్చిన వాని వేదనను చెప్పెను. 1998లో స్కైబాబా సంపాదకత్వమున వచ్చిన ‘జల్‌జలా’ కవితాసంకలనము, 2004లో వచ్చిన ‘వతన్’ కథాసంకలనము ఆ గొంతును పదిమంది గొంతులుగా చేసెను. వీరు మనలను మాత్రమే నిందించిరని తలపరాదు. తమ యిండ్లలో స్త్రీకి జరుగు అన్యాయమును, తమలో తమకు గల ఎక్కువతక్కువలను కూడ వీరు దాచలేదు. షాజహానా ‘నఖాబ్’ చదివినవారికి ఇది తెలియును. తమ సమాజమును సంస్కరించుకొనువారు లోపలనుండి ఇట్లు పలుకుచుండగా, బయటినుండి మనము “వారిలో సంస్కర్తలే లేరు” అనుట చదువని నేరము.

వీరిలో నాకు మిక్కిలి ప్రియమైనవి మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’. నెల్లూరు యాసలో, ఒక పేద ముసల్మాను కుటుంబమున పెరిగిన పిల్లవాని కన్నులతో చెప్పిన కథలవి. వానిలో వాదము లేదు, వేడికోలు లేదు. అమ్మ కోపము, నాన్న శ్రమ, పండుగనాటి ఆశ, బడి బెత్తము ఉన్నవి. చదువుచు నవ్వుచుండగానే, నవ్వుచున్నది మన యింటిని చూచియే యని తెలిసిపోవును. వేయి సామరస్య వ్యాసములు, నాదియు కలిపి, చేయజాలని పనిని ఈ చిన్న పుస్తకము చేసినది. తోడి విమర్శకులు కొందరు దీనిలో కోపము చాలదందురు. కోపమునకు ‘జల్‌జలా’ ఉన్నది. సామాన్యత్వమును చూపుట కోపమును చూపుటకంటె సులభము కాదు.

“ఇదంతయు గతము, ఇప్పటి బాంబుల మాటేమి?” అని మా వీథి యజమాని వంటివారు అడుగుదురు. అడుగవలసినదే. హైదరాబాదు నగరముననే, 2007 సంవత్సరముననే రెండు ఘోరములు జరిగినవి. మే 18న మక్కా మసీదులో ప్రార్థన సమయమున బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. ఆ వెనువెంటనే పోలీసుల కాల్పులలో మరికొందరు చనిపోయిరి. ఆ కేసులో అనుమానముతో పట్టుకొన్న ముసల్మాను యువకులు నిర్దోషులై బయటపడిరి. తరువాత హిందూ తీవ్రవాదులని కొందరిపై నేరము మోపబడెను. 2018 ఏప్రిలులో వారును విడుదలయిరి. ఆగస్టు 25న లుంబినీ వనమునను, గోకుల్ చాట్ వద్దను బాంబులు ప్రేలి నలువదిమందికి పైగా మరణించిరి. 2018 సెప్టెంబరులో న్యాయస్థానము ఇద్దరు ముసల్మాను యువకులకు మరణశిక్ష విధించెను. రెండవది నిజము, మొదటిదియు నిజము. గోకుల్ చాట్ పేరు వినని వారు మన యిండ్లలో లేరు. మక్కా మసీదులో చచ్చినవారు ప్రార్థనకు వచ్చిన ముసల్మానులని ఎందరికి జ్ఞాపకము? నేరము చేయక కారాగారమున గడపి ఇంటికి వచ్చిన ఆ యువకులకు పని యెవరిచ్చిరి, ఇల్లెవరిచ్చిరి? తలుపు మూయబడిన ప్రతివాడును ఉన్మాది కాడు. వేయిమందిలో ఒక్కడును కాకపోవచ్చును. కాని ఉన్మాదమును బోధించువాడు ఆ మూసిన తలుపుల యెదుటనే కాచుకొని యుండును. నీకు ఈ దేశమున చోటు లేదని వాడు చెప్పు అబద్ధమునకు, మనము మన చేతులతో సాక్ష్యము సమకూర్చుచున్నాము.

కాబట్టి గృహస్థులైన చదువరులకు నేను విన్నవించుకొనునది పెద్ద సంగతి కాదు. రజాకార్ల కథను పిల్లలకు చెప్పుట మానవలదు. దాచిన చరిత్ర పుండువలె లోలోపల కుళ్లును. భైరాన్‌పల్లెను చెప్పుడు, చెప్పునపుడు బందగీని, ‘ఇమ్రోజ్’ సంపాదకుని నరికిన చేతిని కూడ చెప్పుడు. దొరల గడీలను చెప్పుడు. సెప్టెంబరు తరువాతి వారములను చెప్పుడు. మగ్గముల వద్ద ప్రాణమిచ్చిన సాలెవారిని చెప్పుడు. ఇంటిలో పెద్దవారు ఇంకను జీవించియున్నచో, వారు చెప్పని సగమును అడిగి తెలిసికొనుడు. మాకు ఆ భాగ్యము తప్పిపోయినది.

మొన్న ఆ గణితోపాధ్యాయుడు సంతలో కనబడెను. నగరమునకు అవతల, తన బడికి చాల దూరమున, తనవారి పేటలోనే ఇల్లు దొరకినదట; రోజును రెండు బస్సులు మారి వచ్చుచున్నాడట. “మీ వీథి బాగుంది సార్, పిల్లలకు చెట్లు నచ్చినయి” అనెను. నేను క్షమాపణ చెప్పుకొంటిని. దేనికో ఆయన అడుగలేదు; నాకు చెప్పవలసిన అవసరము కలుగకుండ మాట మార్చెను. ఆ మర్యాదకు నేను అర్హుడను కాను. మా యింటి పైవాటా వచ్చే నెలలో ఖాళీ అగుచున్నది. ఆయన చిరునామా తీసికొని వచ్చితిని.